ఆయ్ అన్నవాళ్ళు

మా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, తాటాకు పాక ఒకటి ఉండేది. పైన ఎర్రజెండా. లోపల దూలానికి వరసగా మేకులు. ఒక్కో మేకు ఒక్కో మనిషిది. పొద్దున్నే వచ్చినవాడు తన మేకుకున్న తలగుడ్డ తీసి చుట్టుకునేవాడు, సాయంత్రం ఇంటికి వెళ్తూ మళ్ళీ అక్కడే తగిలించేవాడు. ఒకడి మేకు మీద ఇంకొకడు గుడ్డ తగిలించడం నేనెప్పుడూ చూడలేదు.

పని మొదలయ్యే ముందు జట్టు మేస్త్రి దేవదానం పాక ముందు నిలబడి పేర్లు పిలిచేవాడు. చేతిలో కాగితం ఉండేది కాదు. ఒక్కో పేరూ పిలిచి కాస్త ఆగేవాడు. పిలిచిన ప్రతి పేరుకీ లోపల్నుంచి "ఆయ్" అని వచ్చేది. బొంగురు గొంతు, కీచు గొంతు, నిద్రమత్తు వదలని గొంతు. నేను కొట్టు తలుపులు తీసి, బల్ల తుడుచుకుంటూ ఆ పిలుపు వినేవాడిని. అది అయ్యాకే నాకు తెల్లవారినట్టుండేది.

అంబాజీపేటలో పెదబాబుగారి కురిడీ కొట్టులో నేను గుమస్తాని. లెక్క రాయడం, బస్తాల మీద కొట్టు మార్కా వెయ్యడం నా పని. ముదురు కొబ్బరికాయని పైపీచు డొక్కతో సహా అటకెక్కించి ఏడాది దగ్గర దగ్గర కదపకుండా ఉంచితే, లోపలి నీరు ఇంకిపోయి కొబ్బరి చిప్పనుంచి విడి, బంతిలా ఎండుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లొడలొడమంటుంది. అదే కురిడీ. దించేవాళ్ళు, వలిచేవాళ్ళు, బస్తాలకెత్తి లారీలు నింపేవాళ్ళు అందరూ దేవదానం జట్టే. యూనియన్ వాళ్ళు. నేను మాత్రం ఏ యూనియనూ లేని మనిషిని. బి.కాం. చదివినవాడికి బల్ల, కుర్చీ, ఫోను ఉన్నాయి కదా, ఇంకేం కావాలనుకునేవాడిని.

నేను చెప్పబోయేది కోనసీమలో చెట్లు పడిపోయిన మరుసటేడు సంగతి. ముందటేడు దీపావళి ముందర వచ్చిన తుఫానుకి తోటలు తోటలే నేలకొరిగాయి. రాలిన కాయంతా ఏరుకొచ్చి అటకలెక్కించారు. శ్రావణం వచ్చేసరికి ఆ కాయంతా కురిడీ అయి కూర్చుంది. అటకలు విరిగేంత సరుకు. మళ్ళీ ఏడాదికి కాయే ఉండదని అందరికీ తెలుసు. అందుకని ఆ సీజను ఊరంతటికీ ఒక రకమైన తొందర పట్టుకుంది.

ఒకరోజు పేర్లు పిలుస్తుంటే "దానం" అన్న పేరుకి "ఆయ్" అన్నది తాతాజీ గొంతు. దానం ముందురోజే జ్వరంతో వణుకుతూ ఇంటికి పోవడం నేను చూశాను. పాక లోపలికి చూస్తే, దానం మేకుకి తలగుడ్డ అలాగే వేలాడుతోంది. నాకు నవ్వొచ్చింది. రోడ్డు దాటి వెళ్ళాను.

"ఏం తాతాజీ, దొంగ హాజరా? మా కాలేజీలోనూ ఇంతే. ఒకడు రాకపోతే ఇంకొకడు పలికేవాడు."

తాతాజీ జట్టులో నోరున్నవాడు. తలగుడ్డ బిగించుకుంటూ అడిగాడు. "మీ కాలేజీలో పలికినోడు రెండోవోడి పరీక్ష కూడా రాసేవోడాండి?"

"లేదు."

"అదేనండి తేడా. ఆయ్ అన్నాను కాబట్టి దానంగాడి బస్తాలు కూడా ఇవాళ నా వీపు మీదేనండి. ఆడి వాటా సాయంత్రం ఆడింటికెళ్తది."

"ఇవాళ నువ్వని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పరండి. పిలుస్తారు. ఎవడి నోట్లోంచో వస్తదండి."

నేను దేవదానం వైపు తిరిగాను. "ఎవరూ పలకకపోతే?"

దేవదానం వింతగా నాకేసి చూశాడు. ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడిగినట్టు లేదు. "అలా ఎప్పుడూ అవ్వలేదండి" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ పిలిచే పేర్లలో బుజ్జిబాబు పేరు కూడా ఉంది. బుజ్జిబాబు తుఫాను రాత్రి గోడ కూలి చనిపోయాడు. వాడి మేకుకి నీలం గళ్ళ తలగుడ్డ ఇంకా ఉంది.

"పోయినవాడి పేరు ఎన్నాళ్ళు పిలుస్తావు దేవదానం?"

"ఆయ్ అనేవాడు ఉన్నన్నాళ్ళండి" అన్నాడతను, పొద్దెక్కుతోందన్నట్టు ఆకాశం చూస్తూ.

ఆ సాయంత్రం ఈ మాటలన్నీ నా భార్య నాగదుర్గకి చెప్పాను. ఇంట్లో మేమిద్దరమే. ఆమె నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడి, గుమ్మానికి చేరగిలబడింది. అప్పటికే కొన్నాళ్ళుగా పాదాలు పొంగుతున్నాయి. బావి దగ్గర్నుంచి వంటింటికి వచ్చేలోగా మధ్యలో ఒకచోట ఆగేది. ఆగి, గోడ మీద పాకిన బచ్చలితీగని సర్దుతున్నట్టు నటించేది. ఆ తీగకి అంత సర్దుబాటు అక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న అలవాటుగా "దుర్గా, కాఫీ" అని కేకేశాను. జవాబు లేదు. పెరటి మెట్టు మీద కూర్చుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి కూడదీసుకుంటోంది. పలకాలని చూస్తోంది, మాట రావడం లేదు. నాకేం తోచిందో, "ఆయ్" అని నేనే అనేసి వంటింట్లోకి వెళ్ళాను.

వెనకనుంచి ఆమె నవ్వు వినిపించింది. "గుమస్తాగారు జట్టులో చేరేరే!"

గ్లాసు చేతికిస్తే ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టింది. "ఇది కాఫీయేనా అండీ, కురిడీలు కడిగిన నీళ్ళా?"

కానీ మొత్తం తాగింది. ఆ రోజునుంచి మా ఇంట్లో అదే పద్ధతి. ఆమె లేవగలిగితే ఆమె "ఆయ్" అనేది. లేకపోతే నేను.

అమలాపురం డాక్టరుగారు చూసి, చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండెలో కవాటాన్ని పట్టుకుందన్నారు. హైదరాబాదు పెద్దాసుపత్రిలో ఆపరేషను చెయ్యాలి, ఎక్కువ ఆలస్యం పనికిరాదు. పేరు రాయించాం. మంచం ఖాళీ అయినప్పుడు ఫోను చేస్తామన్నారు. కొట్టు నంబరు ఇచ్చాను. ఆ రోజునుంచి ఫోను మోగితే చాలు, రాస్తున్న కలం వదిలేసి అందుకునేవాడిని.

ఇలా ఉండగా పెదబాబుగారు కొత్త ఆలోచన చేశారు. చెడ్డమనిషి కాదాయన. నన్నెప్పుడూ గారు లేకుండా పిలవలేదు. కానీ ఆ సీజను తొందర ఆయన్నీ పట్టుకుంది.

"మూర్తిగారూ, వచ్చే ఏడు మనకి కాయ కనపడదు. ఏదైనా ఇప్పుడే. యూనియనోళ్ళయితే పొద్దుగూకగానే తలగుడ్డలు తగిలించేసి పోతున్నారు. బయటి మనుషుల్ని దింపుతున్నాను. వాళ్ళు ఎంతసేపైనా చేస్తారు."

మర్నాడు ఒక కంట్రాక్టరు లారీలో మనుషుల్ని తెచ్చాడు. రాయవరం వైపు నుంచి, ఇంకా పైనుంచి. జట్టువాళ్ళు పనిలోకి దిగలేదు. రోడ్డు మీదకి వచ్చి కూర్చున్నారు. పెదబాబుగారి కొట్టులో బస్తా ముట్టేది లేదన్నారు.

నేను లోపలికి వెళ్ళాలంటే వాళ్ళ మధ్యనుంచే వెళ్ళాలి. మొదటి రోజు తాతాజీ కాళ్ళు ముడుచుకుని దారిస్తూ అన్నాడు. "గుమస్తాగారండీ, కాస్త తల దించుకు వెళ్ళండి. మీకు సిగ్గేస్తే చూళ్ళేవండి."

"ఊరుకోరా" అన్నాడు దేవదానం. "ఆయన ఉద్యోగం ఆయనది." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మగారికెలా ఉందండి?" అన్నాడు.

సమ్మె జరిగినన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్న తప్పలేదు. లోపల పెదబాబుగారు సరుకెంత దిగిందని అడిగేవారు. బయట దేవదానం అమ్మగారికెలా ఉందని అడిగేవాడు. ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు, తప్పు పట్టడానికేం లేదు.

పని లేకపోయినా పాక ముందు పేర్లు పిలవడం మానలేదు. చెయ్యడానికేమీ లేని ఆ రోజుల్లో కూడా దేవదానం నిలబడి ప్రతి పేరూ పిలిచేవాడు, ప్రతిదానికీ "ఆయ్" వచ్చేది. బుజ్జిబాబు పేరుతో సహా. లోపల మాత్రం కంట్రాక్టరు తన మనుషుల్ని నిలబెట్టి వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకునేవాడు. అక్కడ పిలుస్తున్నారు, ఇక్కడ లెక్కపెడుతున్నారు. మధ్యలో బల్ల దగ్గర కూర్చున్న నేను ఏ లెక్కలోకీ రాను, నన్నెవరూ పిలవరు. ఆ ఆలోచన వచ్చిన రోజు సాయంత్రం ఇంటికి కాస్త నెమ్మదిగా నడిచాను.

ఒక మధ్యాహ్నం అటక మీదనుంచి గంపతో దిగుతున్న మనిషి నిచ్చెన జారి పడ్డాడు. కాయలు గోదాము నిండా దొర్లాయి. మోకాలి కింద కాలు ఉండకూడని విధంగా వంగిపోయింది. అతనింకా అరుస్తూనే ఉన్నాడు, కంట్రాక్టరు నిచ్చెన సరిచేసి "ఇంకోడెక్కండి" అన్నాడు. ఇంకొకడెక్కాడు కూడా. ఆ ఎక్కినవాడి తప్పేం లేదు, అతని మొహం నాకిప్పటికీ గుర్తుంది, కింద పడ్డవాడివైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో.

"ఇతని పేరేంటి?" అని మిగతావాళ్ళనడిగాను.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "తెలీదండి. మొన్న లారీలోనే కలిసేడండి."

నేనూ ఇంకొకతనూ కలిసి మోసుకొచ్చి గేటు పక్కన నీడలో పడుకోబెట్టాం. నేను రిక్షా కోసం అటూ ఇటూ చూస్తున్నాను. రోడ్డుకవతల జట్టంతా లేచి నిలబడింది. ఒక్కసారి నాకు భయమేసింది. తమ కూడు లాక్కున్నవాడు ఎదురుగా పడున్నాడు కదా.

ముందుగా పైడమ్మ వచ్చింది. జట్టులో కాయ ఏరే మనిషి. తన కొంగు తడిపి అతని మొహం తుడిచింది. "ఏ ఊరు నాయనా? పేరేంటి?" అంది.

"రాజబాబండి" అన్నాడతను పళ్ళు బిగబట్టి. "రాయవరం దగ్గరండి."

తాతాజీ బస్తాలు లాగే మూడుచక్రాల బండి తెచ్చాడు. దానం తన తలగుడ్డ విప్పి ఆ కాలికి కట్టు కట్టాడు. బండి అమలాపురం వైపు వెళ్ళిపోయింది. దుమ్ములో చక్రాల గుర్తులు, గేటు దగ్గర దొర్లొచ్చిన రెండు కాయలు మిగిలాయి.

మర్నాడు పొద్దున్న బయటి మనుషులు గోదాము ముందు నిలబడి ఉన్నారు. కంట్రాక్టరు ఇంకా లెక్క మొదలెట్టలేదు. అవతల దేవదానం పేర్లు పిలుస్తున్నాడు. అన్నీ అయ్యాయి. బుజ్జిబాబు పేరూ అయింది. ఇంక ఆపుతాడనుకున్నాను.

"రాజబాబు" అని పిలిచాడు.

రోడ్డుకి ఇవతల నిలబడ్డవాళ్ళు తలలు అటు తిప్పారు.

"ఆయ్" అంది పాకలోంచి ఒక గొంతు. ఎవరిదో ఆనవాలు కట్టలేకపోయాను. పని లేని జట్టు. మొయ్యడానికి బస్తా లేదు, పంచడానికి వాటా లేదు. అయినా ఆ పేరుకి పలికినవాడు ఒకడున్నాడు.

గోదాము ముందు నిలబడ్డవాళ్ళలో నిన్న నిచ్చెనెక్కినవాడు ముందుగా కదిలాడు. కండువా భుజాన వేసుకుని రోడ్డు దాటి వెళ్ళి పాక నీడలో కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. లెక్కకి కంట్రాక్టరు ఎత్తిన వేలు గాల్లోనే ఉండిపోయింది.

పెదబాబుగారు సాయంత్రం దాకా చూసి, తనే పాక దగ్గరకి వెళ్ళారు. పొద్దుగూకితే పని ఆగుతుందని ఒప్పుకున్నారు. జట్టు పనిలోకి వచ్చింది. బయటినుంచి వచ్చినవాళ్ళలో కొందరు ఊళ్ళకి పోయారు, కొందరు జట్టులోనే కలిశారు.

ఆ వారంలోనే ఫోను మోగింది. హైదరాబాదులో మంచం ఖాళీ అయింది, రెండు రోజుల్లో రాకపోతే ఇంకొకరికిస్తారు.

పెదబాబుగారితో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వెళ్ళొద్దని ఎలా అంటానండి. ఎన్నాళ్ళు పడుతుందంటారు?"

"చెప్పలేనండి. నెల కావచ్చు."

"దసరా లారీలన్నీ ఈ నెల్లోనే. సీజన్లో కుర్చీ ఖాళీగా ఉంచలేను మూర్తిగారూ. మా బావమరిది కొడుకు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. మీరొచ్చాక చూద్దాం." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకేమీ అనలేకపోయాను.

ఇంట్లో దుర్గ నా మొహం చూసి కనిపెట్టేసింది. "ఉద్యోగం పోతే ఏం తింటామండీ? సీజనయ్యాక వెళ్దాం. ఇన్నాళ్ళు ఆగింది, నాలుగు వారాలాగదా?"

"నిన్నెవరడిగారు?" అన్నాను. ఆమెతో నేను గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "పెట్టె సర్దు."

ఆమె లేవబోయి, లేవలేక, నవ్వింది. నేను "ఆయ్" అని పెట్టె దించాను.

మర్నాడు గోదాము తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. రావులపాలెం బస్సెక్కాక గాని గొడుగు కొట్టులోనే మరిచిపోయానని గుర్తు రాలేదు. పోతే పోయింది, కుర్చీయే పోయాక గొడుగెంత అనుకున్నాను.

ఆసుపత్రి సంగతి ఎక్కువ చెప్పను. ఆమెను తలుపుల వెనక్కి తీసుకెళ్ళాక నేను వరండాలో నేల మీద కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన, పేరు తెలీదు, తన దుప్పట్లో సగం నా మోకాళ్ళ మీదకి లాగి కప్పాడు. చాలాసేపటికి తలుపులు తెరుచుకున్నాయి. నర్సమ్మ నాకేసి చూసి తలూపింది. నేనా ముసలాయన చెయ్యి పట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చేసరికి దసరా వెళ్ళిపోయింది. దుర్గని ఇంట్లో పడుకోబెట్టి, పక్కింటావిడని చూస్తుండమని, పొద్దున్నే కొట్టుకి బయల్దేరాను. ఉద్యోగం అడగడానికి కాదు. కుర్చీలో కూర్చున్న కుర్రవాడికి ఏవైనా చెప్పాల్సినవి ఉంటే చెప్పి, గొడుగు తెచ్చుకుందామని.

మలుపు తిరిగేసరికి పేర్లు పిలుస్తున్నారు. రోడ్డు పక్కనే ఆగాను. ఎంతకాలమైందో ఆ గొంతు విని.

"దానం."

"ఆయ్."

"తాతాజీ."

"ఆయ్."

"బుజ్జిబాబు."

"ఆయ్."

"రాజబాబు." ఈసారి రాజబాబే పలికాడు. చంకలో కర్ర పెట్టుకుని పాక గుంజకి ఆనుకుని ఉన్నాడు.

తర్వాత దేవదానం, మిగతా పేర్ల లాగానే, గొంతేమీ మార్చకుండా పిలిచాడు. "గుమస్తాగారు."

"ఆయ్" అంది పైడమ్మ. అని, పక్కనున్న ఇంకు డబ్బా, బస్తాల మీద మార్కా వేసే కుంచె పట్టుకుని లేచింది. లేచి నన్ను చూసింది.

"ఇదిగో, వచ్చేసేరు!" అని అరిచాడు తాతాజీ. "పైడమ్మా, నీకివాళ సెలవే!"

జట్టంతా నావైపు తిరిగింది. పాక ముందుకి నడిచాను.

"మళ్ళీ పిలవమంటారాండి?" అనడిగాడు దేవదానం.

తలూపాను.

"నారాయణమూర్తిగారు" అని పిలిచాడు. నా పూర్తి పేరు అతనికి తెలుసని నాకు అప్పటిదాకా తెలీదు.

"ఆయ్" అన్నాను.

"అమ్మగారికెలా ఉందండి?" అన్నాడు అప్పుడు.

కొట్టులో నా కుర్చీ ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద అడ్డంగా నా గొడుగు. పెదబాబుగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. నవ్వాలో విసుక్కోవాలో తేలని మొహం.

"మా బావమరిది కొడుకుని తీసుకొచ్చేనండి. వీళ్ళు బస్తా ఎత్తలేదు. ఆ గొడుగు తీస్తే ఎత్తం అన్నారు. ఆయన మీ యూనియను కాదు కదయ్యా అన్నాను. కాదండి, కానీ పేరైతే పిలిచేసేవండి, ఆయ్ అన్నోళ్ళున్నారండి అంటాడు ఆ దేవదానం. దానికేం చెప్తాం చెప్పండి?" బల్ల మీది పుస్తకం నా వైపు తోశారు. "రోజుకొకరు వచ్చేవారు. నిలబడే రాసేవారు, కుర్చీలో ఒక్కళ్ళూ కూర్చోలేదు. లెక్క పోలేదు లెండి. కానీ తాతాజీగాడు వేసిన మార్కా మొత్తం తలకిందులే. సరుకందుకున్న జైపూరు వాళ్ళు ఫోను చేసి, కొత్త కంపెనీ పెట్టేరా అని అడిగేరు."

నేను గొడుగు తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. చాలాసేపు పుస్తకంలో అక్షరాలు కనపడలేదు.

మళ్ళీ వానాకాలం వచ్చేసరికి పాకలో దూలానికి ఒక మేకు ఎక్కువైంది. తలగుడ్డ చుట్టుకోని మనిషినని, నా గొడుగుకి. నేను యూనియన్లో ఎప్పుడూ చేరలేదు. చేరమని ఎవరూ అడగలేదు కూడా.

ఆ ఆపరేషను దుర్గకి ఎనిమిదేళ్ళిచ్చింది. బావి దగ్గర్నుంచి వంటింటికి ఆగకుండా నడిచిన ఎనిమిదేళ్ళు. బచ్చలితీగని నిజంగా అవసరమైనప్పుడే సర్దింది. తర్వాత ఒక మాఘమాసంలో, నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఇప్పటికీ పొద్దున్నే లేచి పెరటి గుమ్మం దగ్గర నిలబడి "దుర్గా, కాఫీ" అని పిలుస్తాను. పిలిచాక కాస్త ఆగుతాను. దేవదానం అలాగే ఆగేవాడు. బావి మీద ఎండ పడుతూ ఉంటుంది. తర్వాత "ఆయ్" అని నేనే వంటింట్లోకి వెళ్తాను.

కాఫీ మాత్రం ఇప్పటికీ కురిడీలు కడిగిన నీళ్ళలాగే ఉంటుంది.